ఆగి బయలుదేరే బండి

ఎర్రోతా ఇల్లు,
జూన్ తొమ్మిది.

లోక వ్యవహారాలన్నీ విడిచి మఠం గోడల మధ్య మౌనం పాటిస్తున్న పెద్దమ్మ సిస్టర్ అరాంచా గారి సముఖానికి, అవే వ్యవహారాల్లో పీకల దాకా మునిగి ఉన్న చెల్లెలి కూతురు ఇరాతి వంగి నమస్కరించి చేసుకొను మనవి. ఇక్కడ అందరం క్షేమం. అమ్మమ్మ క్షేమం. ఆవిడ పాత మోకాలు క్షేమం, అక్టోబరులో వేయించిన కొత్త మోకాలు అంతకన్నా క్షేమం. అమ్మకి పడిశం తగ్గింది. బీన్స్ పాదులు పందిరెక్కాయి. నీ క్షేమం చూసుకోవడానికి పైన పెద్దవాళ్ళున్నారు కనుక మేం ప్రత్యేకంగా కనుక్కోవడం లేదు.

ఇంతటితో నా కాలేజీ చదువు అయిపోయింది పెద్దమ్మా. ఇక మామూలు భాషలో రాస్తాను.

నీ పోయిన ఉత్తరంలో టార్క్ అంటే ఏమిటని అడిగావు. మఠంలో ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో నాకర్థం కాలేదు గానీ, జవాబు చెప్పడం నా వృత్తిధర్మం. మీ వంటింట్లో జామ్ సీసా మూత ఎవరికీ రానప్పుడు పిలిచే లావుపాటి సిస్టర్ ఒకామె ఉంటుందని రాశావు చూడు, ఆవిడ మణికట్టులో ఉన్నదే టార్క్. పరుగెత్తమంటే ఆవిడ పరుగెత్తలేదు. తిప్పమంటే తిప్పుతుంది. కొండెక్కడానికి కావలసింది ఆవిడే.

అమ్మమ్మ సరిగ్గా తింటోందా అన్నావు. మాంసం తగ్గించమని డాక్టరు చెప్పాడు. తగ్గించింది. డాక్టరు దగ్గరికి వెళ్ళడం.

ఇక కోస్మె కోసం రోజూ ప్రార్థించమని రెండుసార్లు గీత గీసి మరీ రాశావు. ప్రార్థిస్తూనే ఉన్నాను. ఏమని అనేది నాకూ దేవుడికీ మధ్య విషయం.

జనవరిలో ఏం జరిగిందో అమ్మ నీకు సరిగా రాయలేదని నీ ఉత్తరం చూస్తే తెలిసింది. "చిన్న మాటా మాటా వచ్చింది" అని రాసిందట. అమ్మ లెక్కలో ప్రపంచయుద్ధం కూడా చిన్న మాటా మాటే. జరిగింది చెబుతాను, విను. విన్నాక కూడా ఆ గీతలు రెండూ ఉంచుతావో చెరిపేస్తావో నీ ఇష్టం.

బితోర్ ఇంట్లో పందిని కోసిన రోజు విందు. బితోర్ ఇప్పుడు మన వాడకి పెద్ద. వాడంతా బల్లల ముందు కూర్చుంది. కొత్త మోకాలితో అమ్మమ్మ బయటికి రావడం అదే మొదటిసారి. చేతికర్ర పట్టుకుని వచ్చింది. రక్తపు సాసేజీలు వడ్డిస్తుండగా, కింది ఇంటి కోస్మె లేచి నిలబడ్డాడు. డెబ్బై నాలుగేళ్ళవాడు, నలభై ఏళ్ళు సంతలో ఆవుల్నమ్మినవాడు, గొంతు కొండ అవతలికి వినిపిస్తుంది. సంచిలోంచి ఒక ఆవుగంట తీసి అమ్మమ్మ కంచం పక్కన పెట్టాడు.

"యులాలీ, ముప్పై ఒక్క ఏళ్ళు కొండగుడి తాళం మీ ఇంటి మేకుకే వేలాడింది. ఇంక నువ్వా కొండెక్కి గంట కొట్టలేవు. ఇది మంచం కోడుకి కట్టుకో. వడగళ్ళ మబ్బొస్తే పడుకునే వాయించు. దేవుడికి వినపడకపోయినా మా కుక్కకి వినపడుద్ది."

వాడంతా నవ్వింది పెద్దమ్మా. ఫాదర్ కూడా నవ్వి, తరవాత దగ్గినట్టు సర్దుకున్నాడు. అమ్మమ్మ ఆ గంటని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. "మంచి కంచు" అంది. సంచిలో వేసుకుంది. సాసేజీ పూర్తిగా తింది. నాలుగో రోజు పొద్దున నేను సైకిళ్ళ షాపుకి బయలుదేరుతుంటే గుమ్మంలో అడ్డం నిలబడి అడిగింది.

"మీ షాపులో ముసలాళ్ళెక్కే కరెంటు సైకిళ్ళుంటాయా?"

ఆ తాళం అంటే అమ్మమ్మకి ఏమిటో నీకు చెప్పనక్కరలేదు. మే మూడున శిలువ పండుగ నుంచి సెప్టెంబరులో శిలువ పండుగ దాకా, ఉత్తరాన మబ్బు నల్లబడిన ప్రతిసారీ ఆవిడ చేతిలో పని వదిలేసి కొండెక్కి గంట మోగించేది. గంట మోగితే వడగళ్ళు చెదిరిపోతాయా అని కాలేజీలో మా ప్రొఫెసర్ని అడిగాను. నవ్వాడు. ఆయనకి ఆపిల్ తోట లేదు. తాళం పోవడమంటే ఈ వాడలో యులాలి పని అయిపోయిందని మేకు కొట్టి చెప్పడం.

ఫిబ్రవరి మొదటి ఆదివారం వాడ సమావేశం. తాళం తనకివ్వాలని కోస్మె లేచాడు. నేను వదలను, మే మూడున నా అంతట నేనే ఎక్కుతాను, సైకిలు మీద, అని అమ్మమ్మ లేచింది.

"ఏ సైకిలు? మోటారుదా?" అన్నాడు కోస్మె. "అయితే నా ట్రాక్టరు కూడా సైకిలే. చక్రాలు రెండెక్కువ, అంతే."

బితోర్ పాత పుస్తకం తెరిచాడు. తాతల కాలంలో రాసిన నియమం చదివాడు. తాళానికి ఇద్దరు నిలబడితే, పండుగ రోజు ఊరి నీళ్ళ ఊట దగ్గర బయలుదేరి, ఎవరి ఇంటి ఇందర్‌తో వారు ఎక్కాలి. ముందు చేరినవారిది తాళం. కూలికి మనుషుల్ని పెట్టి ఎక్కించకూడదని ఆ మాట రాశారని అందరికీ తెలుసు.

"విన్నారుగా," అన్నాడు కోస్మె. "ఇంటి ఇందర్. అంటే బలం. ఒంట్లో బలం."

అమ్మమ్మ కర్ర పక్కన పెట్టి నిలబడింది.

"బితోర్, మొన్న గాలివానకి మీ ఇంట్లో ఏం పోయింది?"

"ఇందర్ పోయింది," అన్నాడు బితోర్. మరేమంటాడు? ఎద్దు బండ లాగితే ఇందర్, గోడలో ప్లగ్గు పెడితే ఇందర్. మన నోట రెండింటికీ ఒకటే మాట.

"ఎన్నాళ్ళు పోయింది?"

"రెండ్రోజులు."

"ఫోన్లు ఎక్కడ చార్జి చేసుకున్నారు?"

"మీ ఇంట్లో యులాలీ. మీ పిండిమర చక్రాన్ని తిప్పి వాగే కరెంటిస్తుందిగా, మీ దీపాలెప్పుడు ఆరాయి గనక."

"అయితే అది ఎవరి ఇంటి ఇందర్?"

బితోర్ ఒప్పుకున్నాడు. "మీ ఇంటి ఇందరే."

"రాసుకో," అంది అమ్మమ్మ, కూర్చుంది.

ఈసారి వాడ నవ్వింది కోస్మెని చూసి. అతని మెడ ఎర్రబడి, ఆ ఎరుపు టోపీ కిందికి పాకింది. "అయితే నేనూ బండే ఎక్కుతా! నా ఇంటి ఇందర్‌తోనే ఎక్కుతా!" అని అరిచాడు. నెల తిరక్కుండా కొట్టం కప్పు మీద సోలార్ పలకలు వేయించాడు. పెద్దమ్మా, మన ఊళ్ళో సోలార్! బట్టలారడానికే మూడు రోజులు పట్టే ఊళ్ళో! మేం పగలబడి నవ్వాం. ఆ తరవాత వసంతమంతా చుక్క వాన పడలేదు. దేవుడు ఎవరి పక్షమో నాకు అప్పుడే అనుమానం వచ్చింది. నీకు అక్కడ పలుకుబడి ఉంది కదా, కొంచెం విచారించు.

కోస్మె ఫిబ్రవరిలోనే బండి కొన్నాడు. ఎక్కడ కొన్నాడో తరవాత చెబుతాను. పెద్ద నల్లబండి, ట్రాక్టరు టైర్లకి పిన్ని కూతుళ్ళలాంటి టైర్లు, ముప్పై ఒక్క కిలోలు. ఊట చుట్టూ తిప్పి తిప్పి చూపించాడు. అతను కొనే దాకా అమ్మమ్మ కొనలేదు. "తొందరేముంది" అంది.

ఆ నెలంతా నేను షాపు నుంచి ఒక్కో బండీ ఇంటికి తెచ్చి ప్రయత్నం చేయించాను. మా షాపుకొచ్చే ప్రతి పెద్దమనిషీ ఇది ఎన్ని కిలోమీటర్లు పోతుందని అడుగుతాడు. ఎంత ఎత్తు పోతుందని ఎవరూ అడగరు. అమ్మమ్మ మొదట అడిగింది అదే. అందుకే బండ్లన్నిటినీ మన గాడిదచావు మలుపు మీదే పరీక్షించాం. అక్కడ సిమెంటు దారి ఎంత నిటారో నీకు గుర్తుండే ఉంటుంది, నిలబడితే ముక్కు నేలకి తగులుతుంది. పైకి లాగుతూ లాగుతూ కోస్మె తాతగారి గాడిద ప్రాణం వదిలింది అక్కడే.

మొదటిది బుట్ట ఉన్న ముద్దొచ్చే బండి. మోటారు ముందు చక్రంలోనే ఉంటుంది. నాచు మీద చక్రం గిర్రున తిరిగింది గానీ బండి కదల్లేదు. ఎండు సిమెంటు మీద కొంచెం ఎక్కి, వేడెక్కి చల్లగా నిద్రపోయింది. ఎందుకిలా అని అడిగితే చెప్పాను. మోటారు చక్రంలో ఉంటే, ముందుదైనా వెనకదైనా, గేర్లు దానికి సాయపడవు, చక్రం మెల్లగా తిరిగేకొద్దీ అది ఉడికిపోతుంది, నిటారులో అలసిపోయి ఆగిపోతుంది. పెడళ్ళ దగ్గర మోటారుంటే చిన్న గేరు వేసిన కొద్దీ దానికి తేలిక. అమ్మమ్మ తల ఊపింది. ఒక్క మాట పోకుండా వింటుందని నాకు తెలుసు గానీ, దాన్ని ఎక్కడ దాచుకుంటుందో అప్పుడు తెలియలేదు.

రెండోదాని సీటు నచ్చలేదు. మూడోది బ్రేకు పడితే కీచుమంది, "ఇది నా కన్నా ముసలిది" అంది. నాలుగోది ఎర్రబండి. ఆహా! మోటారు మధ్యలో, బరువు తక్కువ, కొండమీదికి మేకలా ఎక్కింది. కాకపోతే అడ్డంగా కడ్డీ ఎత్తుగా ఉంది, ఎక్కాలంటే బండిని పడుకోబెట్టి ఎక్కాల్సొచ్చింది. ఇంకో తప్పేమిటంటే, వాలు మీద ఆపి మళ్ళీ తొక్కితే, పెడలు సగం చుట్టు తిరిగాక గానీ మోటారు అందుకోదు. ఆ సగం చుట్టులో ముసలి ప్రాణం వెనక్కి జారుతుంది.

ఐదోది నీలంబండి. ఎర్రదానికన్నా బరువు, నెమ్మది. కానీ మధ్యలో కడ్డీ లేదు, గుమ్మం దాటినట్టు దాటి కూర్చోవచ్చు. ముందు పళ్ళచక్రం చారెడు, వెనకది పళ్ళెమంత. పాదం బరువు పెడలు మీద ఆనిందో లేదో మోటారు వెనక నుంచి చెయ్యి వేసినట్టు తోస్తుంది. అమ్మమ్మ దాన్ని గాడిదచావు నడిమధ్యలో ఆపింది. ఒక కాలు కింద పెట్టింది. రెండు బ్రేకులూ పట్టుకుని అటూ ఇటూ చూసింది. మళ్ళీ బయలుదేరింది. మళ్ళీ ఆపింది. అలా పదకొండుసార్లు.

"ఇదే," అంది.

"ఎర్రది నాలుగు నిమిషాలు ముందు చేరుతుంది అమ్మమ్మా. కడ్డీ సంగతి వదిలెయ్, కింద నేనే ఎక్కిస్తా."

"నీలందే."

"ఎందుకూ?"

"ఆగి బయలుదేరుద్ది."

"పోటీలో ఆగడమెందుకు?"

"ముసలాళ్ళం. ఆగుతాం," అంది.

నేను కాలేజీ చదివినదాన్ని. ముసలితనం అనుకుని జాలిపడ్డాను.

మార్చి, ఏప్రిల్ రోజూ సాధన. సీటు ఎత్తు కోసం మాకు రోజూ గొడవ. పాదాలు రెండూ నేలకి ఆనాలని ఆవిడ, మోకాలు మరీ మడవకూడదని నేను. చివరికి వేలెడు ఎత్తుకి రాజీ పడ్డాం. నిటారు మొదలయ్యాక కాదు, మొదలయ్యే ముందే గేరు తగ్గించాలని నేర్పాను. రాత్రి పెట్టిన బ్యాటరీ పొద్దున్నకి వాగు నింపేది. చిత్రమేమిటంటే ఆవిడ ప్రతిరోజూ అదే మలుపులో, ఇంచుమించు అదే చోట ఆగేది. అక్కడ ఆపి ఏదో గొణుక్కునేది. జపం అనుకున్నాను.

మే మూడు. ఎండ. బితోర్ చేతిరుమాలు ఊపాడు. వాడలో సగం ఊట దగ్గర, సగం అక్రోటులూ జున్నూ ఆపిల్ కల్లూ పట్టుకుని గాడిదచావు గట్టు మీద. నేను ముందే వెళ్ళి ఆ గట్టు మీద నిలబడ్డాను. కింద మొదటి కిలోమీటరు నీకు తెలుసు, దాదాపు చదునే. కోస్మె నల్లబండి దూసుకొచ్చింది. టోపీ వెనక్కి తోసి, గట్టు మీదున్నవాళ్ళకి చెయ్యి ఊపుతూ, "సాయంత్రం మా ఇంటికి రండి, తాళం చూపిస్తా!" అని అరుస్తూ మలుపెక్కాడు. అమ్మమ్మ కనుచూపు మేరలో లేదు.

మలుపు మధ్యకి వచ్చేసరికి నల్లబండి మూలిగింది. తరవాత క్యాబేజీ మాడిన వాసన. తరవాత ఏమీ లేదు. మోటారు ఊరుకుంది. కోస్మె నిలబడి తొక్కాడు, ఒక తొక్కు, రెండు తొక్కులు, కాలు కింద పెట్టాడు. ముప్పై ఒక్క కిలోల బండి అతన్ని వెనక్కి లాగడం మొదలుపెట్టింది. బ్రేకు పట్టాడు గానీ టైరు జారింది. మనిషీ బండీ కలిసి పక్కనున్న గుంటలోకి దొర్లారు. టోపీ ఒక్కటే ఊరి వైపు నడిచి వెళ్ళిపోయింది.

అతని అదృష్టం, గుంటలో ఎవరో పశువుల కింద పరిచే ఎండాకు కుప్ప పోశారు. అందులో నడుము దాకా కూరుకుపోయి, నోట్లోంచి ఆకులు ఊస్తూ కూర్చున్నాడు. దెబ్బ తగల్లేదని తెలిశాక గాని వాడ నవ్వలేదు. ఈసారి ఫాదర్ దగ్గలేదు, నవ్వాడు.

అప్పుడు కింద నుంచి చిన్న చప్పుడు. టిక్, టిక్, టిక్. నీలంబండి. గుడికి వెళ్ళే దుస్తులు, మెడలో వాళ్ళ అత్తగారి కాలపు రుమాలు. అమ్మమ్మ ముఖంలో ఏ భావమూ లేదు. కోస్మెని దాటిపోతే చాలు, తాళం మనది. "పో అమ్మమ్మా, పో" అని నేను గొంతు చించుకున్నాను.

ఆవిడ ఆగింది.

సరిగ్గా అతని ఎదురుగా, వాలు నడిమధ్యలో, ఒక కాలు నేల మీద పెట్టి. కోస్మె కుప్పలోంచి తలెత్తి చూశాడు. చెయ్యి కూడా చాపాడనుకుంటాను.

"కోస్మె," అంది అమ్మమ్మ, గుళ్ళో చదివినట్టు నిదానంగా. "నీకు చెయ్యివ్వడానికి ఆగలేదు. ఆగి, మళ్ళీ బయలుదేరగలనని నువ్వు చూడాలని ఆగాను. చూస్తున్నావా?"

అతను నోట్లోంచి ఇంకో ఆకు ఊశాడు.

"చూస్తున్నావా అని అడిగాను."

"చూస్తున్నా," అన్నాడు.

"మంచిది." పాదం పెడలు మీద పెట్టింది. బ్రేకు వదిలింది. నీలంబండి ఆవిడని కొండలోకి తీసుకుపోయింది. ఇంకో పావుగంటకి పై నుంచి గంట మోగింది. మామూలుగా మూడు దెబ్బలు కొట్టాలి. ఆవిడ ఎన్ని కొట్టిందో బితోర్ లెక్కపెట్టడం మానేశాడు.

పెద్దమ్మా, ప్రతీకారం మంచిది కాదని మీ పుస్తకాల్లో ఉంది. అది రాసినవాళ్ళు ఆ గట్టు మీద లేరు. ఆ రోజు తిన్న జున్నుకి ఉన్న రుచి నాకు మళ్ళీ దొరకదు.

ఇంతవరకూ రాసింది చదివి నువ్వు నవ్వుకుంటూ ఉండవచ్చు. ఇక్కడితో సంతకం పెట్టేసి ఉంటే బాగుండేది. కానీ నువ్వు సిస్టరువి. ఫాదర్‌కి చెబితే ఆయన దగ్గుతాడు. నీకే చెబుతున్నాను.

ఆ నల్లబండి కోస్మెకి అమ్మింది నేను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం షాపుకొచ్చాడు. నేను ఎర్రోతా యులాలి మనవరాలినని తెలిసే వచ్చాడు, నన్ను ఏడిపించడానికి.

"పిల్లా, మీ దగ్గర అన్నిటికన్నా పెద్దది చూపించు."

"దేంట్లో పెద్దది తాతా?"

"అన్నిట్లో."

రెండేళ్ళుగా మూల కూర్చుని దుమ్ము తాగుతున్న నల్లబండి ఉంది. ఇసుక తీరాల మీద తిరగడానికి చేసినది. మోటారు వెనక చక్రంలో. బ్యాటరీ పెద్దది, టైర్లు పెద్దవి, బోర్డు మీద అంకెలన్నీ పెద్దవి. దాన్ని కొండవాళ్ళకి అమ్మకూడదని నాకు తెలుసు, నేనే యజమానికి రెండుసార్లు చెప్పాను. అతను దాన్ని ఆవుని చూసినట్టు చుట్టూ తిరిగి చూశాడు, సీటు మీద చరిచాడు. చివరికి ఒక్క ప్రశ్న అడిగాడు.

"గాడిదచావు ఎక్కుద్దా ఇది?"

నేను అతని కళ్ళలోకి చూసి చెప్పాను. "దీని మీద గాడిదచావు ఎక్కినవాళ్ళెవరూ ఇంతవరకూ ఫిర్యాదు చెయ్యలేదు తాతా."

అబద్ధం కాదు. ఎవరూ ఎక్కలేదు.

పగబట్టిన మనిషికి అబద్ధం కూడా అక్కరలేదని ఆ రోజు తెలిసింది. కంచం పక్కన ఆవుగంట కనబడుతూ ఉంటే, నిజాలు వాటంతటవే వరస కట్టుకుని వచ్చాయి. ఆ మలుపులో మోటారు ఆగుతుందని తెలుసు. ఆగితే బాగా నవ్వుకోవచ్చనుకున్నాను. ఆగినప్పుడు దాని మీద డెబ్బై నాలుగేళ్ళ మనిషి ఉంటాడని, బండి వెనక్కి దొర్లుతుందని మాత్రం అనుకోలేదు. అనుకోలేదు అనడం కూడా పూర్తి నిజం కాదు. అనుకోవడానికి ఇష్టపడలేదు.

పండుగ అయిన వారానికి కోస్మె షాపుకి వచ్చాడు. కొత్త టోపీ. యజమాని లోపల ఉన్నాడు. నా ముందు బల్ల మీద మోచేతులు ఆనించి, నెమ్మదిగా అడిగాడు. అతను నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కినవాళ్ళెవరూ ఫిర్యాదు చెయ్యలేదన్నావు. ఎక్కినవాళ్ళున్నారా?"

"లేరు తాతా."

అతను నవ్వాడు. నిజంగానే నవ్వాడు. "ఈ ఆవు తన్నిందని ఎవరూ చెప్పలేదు అని నలభై ఏళ్ళు అమ్మాను నేను. మొదటిసారి ఎవరో నాకు అమ్మారు. అదీ ఆడపిల్ల. అదీ యులాలి మనవరాలు!" అని బల్ల మీద చరిచాడు. తరవాత నవ్వు ఆపేశాడు. "మీ అమ్మమ్మకి చెప్పనా? తను గెలిచింది కాలితో కాదు, మనవరాలి నాలుకతో అని?"

పెద్దమ్మా, దేనికీ భయపడనిదాన్ని, అక్కడ భయపడ్డాను. ఆ మే మూడు తరవాత అమ్మమ్మ కర్ర వాడడం లేదు. వీధిలో నడుస్తుంటే జనం దారి ఇస్తున్నారు. రెండుసార్లు మబ్బు పట్టింది, రెండుసార్లూ బండెక్కి వెళ్ళి గంట కొట్టి వచ్చింది. అదంతా నాలుక మీద నిలబడిందని తెలిస్తే?

"ఏం చెయ్యమంటావు?"

"శనివారాలు. మా ఆవుల కొట్టం. వేసవంతా. చీపురు నేనిస్తా, పేడ ఆవులిస్తాయి."

నాలుగు శనివారాలు వెళ్ళాను. కోస్మె పాల బిందె బోర్లించుకుని కూర్చుని, "ఆ మూల పిల్లా, ఆ మూల. ఇంతవరకూ ఆ మూల బాగుందని ఎవరూ ఫిర్యాదు చెయ్యలేదు" అంటాడు. ఇంటికి రాగానే నేరుగా స్నానానికి పోతాను. షాపులో శనివారాలు కొత్త పని అని అమ్మమ్మకి చెప్పాను.

మొన్న శుక్రవారం వంటింట్లో ఇద్దరం బఠాణీలు ఒలుస్తున్నాం. ఉన్నట్టుండి అంది, "షాపులో ఆవుల్ని కూడా అమ్ముతున్నారా?"

అంతా చెప్పేశాను. బండి, ఫిర్యాదు, నాలుక, చీపురు. తలెత్తకుండా, గిన్నెలో బఠాణీల్ని చూస్తూ. ఆవిడ ఒలవడం ఆపలేదు. నేను ముగించాక ఇంకో కాయ చీల్చి గింజలు రాల్చి, అప్పుడు మాట్లాడింది.

"నాకు తెలుసు."

"ఎప్పటినుంచి?"

"వాడు దాన్ని ఊట దగ్గర తిప్పిన రోజునుంచి. చక్రంలో మోటారు. నిటారులో ఉడికి ఆగిపోతుందని నువ్వే చెప్పావుగా బుట్టబండి తెచ్చినప్పుడు. ఏ చోట ఆగుతుందో కూడా తెలుసు. వాళ్ళ తాత గాడిద ఆగిన చోటే. ఆ ఇంటివాళ్ళంతా అక్కడే ఆగుతారు."

"ఎర్రది ఎందుకొద్దన్నానని అడిగావు," అంది. "గెలవడానికి ఎర్రది చాలు. వాడి ముందు ఆగడానికి నీలంది కావాలి. వాడు కొనేదాకా నేను కొనకుండా కూర్చున్నది ఎందుకనుకున్నావు? రెండు నెలలు అక్కడ ఆగి ఆ నాలుగు మాటలూ ఎన్నిసార్లు అనుకున్నానో నీకు తెలీదు. మొదట్లో చాలా పెద్దగా ఉండేవి. తగ్గిస్తూ వచ్చాను."

జపం అనుకున్నాను కదా పెద్దమ్మా.

నాకు ఎంత సంతోషం వేసిందంటే, కూర్చోలేకపోయాను. "అయితే వాడి బెదిరింపుకి విలువే లేదు! రేపే పోయి చీపురు వాడి మొహాన కొట్టి వస్తా!" అని లేచాను.

"కూర్చో."

కూర్చున్నాను.

"నాకు తెలుసని వాడికి చెప్పకు. మన ఇంటి గుట్టు తన చేతిలో ఉందనుకుని సుఖంగా ఉన్నాడు. సుఖంగా ఉన్నవాడు తాళం అడగడు. సెప్టెంబరు దాకా అలాగే ఉండనీ, పై ఏడు దాకా ఉన్నా మంచిదే." బఠాణీ తొక్కలు ఒళ్ళోంచి దులిపింది. "ఇక రేపు శనివారం. నువ్వు కొట్టానికి వెళ్తున్నావు."

"ఎందుకు? ఇద్దరం ఒకటే అనుకున్నాం, ఒకటే చేశాం. వాడు అక్కడ ఆగాలని నీకూ ఉంది, నాకూ ఉంది. నీకు తాళం, నాకు పేడా?"

అమ్మమ్మ నా వైపు చూసింది. విందు రోజు ఆవుగంట బరువు చూసినట్టు చూసింది.

"పండుగ ముందు రోజు పొద్దున మన అటక మీదున్న ఎండాకు మొత్తం ఆ గుంటలో పోయించాను," అంది. "బితోర్ బండి మూడుసార్లు తిరిగింది. వాడు ఓడాలని నాకెంత ఉందో, పడితే మెడ విరక్కూడదని అంత ఉంది. నేను ఆకు పరిచాను. నువ్వేం పరిచావు?"

నేను పరిచింది ఏమీ లేదు పెద్దమ్మా. శనివారాలున్నాయి. మొన్నటిది ఐదోది. మూలలు కూడా కడిగాను.

ఇట్లు,
చేసిన పాపానికి చీపురు పట్టిన,
నీ చెల్లెలి కూతురు
ఇరాతి